దిష్టి సంచి

తన పిల్లాడు బాగున్నాడని కన్నతల్లి నోటితో అనిపించడం మా గోదావరి జిల్లాల్లో ఎవరి తరమూ కాదు. పిల్లాడు బొద్దుగా ఒళ్ళో కూర్చుని నవ్వుతూ ఉంటాడు. "భలే ఉన్నాడమ్మా" అని మీరు నోరు జారారంటే చాలు, తల్లి మొహం మాడిపోతుంది. "ఏం బాగండీ, పాలు తాగడు, రాత్రంతా ఏడుపే, ఈ వెధవతో చస్తున్నాను" అంటుంది. అంటూనే వాడి బుగ్గన పెట్టిన కాటుక చుక్క చెరిగిపోయిందేమోనని తడుముకుంటుంది. అబద్ధమాడానని ఆవిడ అనుకోదు. ఎండలో పిల్లాడికి కొంగు అడ్డం పెట్టానని మాత్రమే అనుకుంటుంది.

ఈ సంగతి తెలియక కాకినాడ పిల్లల డాక్టరు మీనాకుమారి మొదట్లో నానా తంటాలు పడింది. డెబ్బై ఏడు, డెబ్బై ఎనిమిది నాటి మాట. పసిపిల్లల స్వభావాన్ని కొలవాలని ఎక్కడో విదేశపు యూనివర్సిటీ వాళ్ళకి బుద్ధి పుట్టింది. ఒక పిల్ల ఊరికే ఏడుస్తుంది, ఇంకో పిల్ల ఎవరెత్తుకున్నా నవ్వుతుంది. అది పుట్టుకతో వచ్చేదా, పెంపకంతో వచ్చేదా, దేశాన్ని బట్టి మారుతుందా అన్నది వాళ్ళ సందేహం. దానికోసం రకరకాల దేశాల్లో తల్లుల్ని ఒకే ప్రశ్నలు అడిగిస్తున్నారు. ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్ళు మీనాకుమారి వాటాకి వచ్చాయి. ఊళ్ళు తిరగడానికి, తల్లులతో మాట్లాడడానికి స్థానికంగా ఒక ఆడమనిషి కావలసివచ్చి, ద్రాక్షారామం బాలవాడి టీచరు సత్యలక్ష్మిని అడిగింది.

సత్యలక్ష్మి భర్త మల్లేశ్వరరావుకి గుడి వీధిలో కిరాణా కొట్టు. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లల్లేరు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఇంట్లో కూర్చుంటే మనిషి పాడైపోతుందని మల్లేశ్వరరావే ఆవిణ్ణి బాలవాడికి పంపించాడు. కోమటింటి కోడలు ఉద్యోగమేమిటని అత్తగారు సూర్యకాంతమ్మ కొన్నాళ్ళు సణిగి ఊరుకుంది. ఊళ్ళో పిల్లలందరి ముక్కులూ తుడిచి, పాటలు నేర్పి, సాయంత్రం ఇంటికొచ్చి సత్యలక్ష్మి చేతులు కడుక్కునేది. పరాయి పిల్లల్ని ప్రేమించడం ఆవిడకి అలవాటైపోయింది.

ఆ ప్రశ్నలున్నాయే, వాటిని తయారుచేసినవాడికి మన ఇళ్ళు తెలియవు. "స్నానాల తొట్టిలో కూర్చోబెడితే మీ పిల్ల ఏం చేస్తుంది?" అని ఒక ప్రశ్న. ఇక్కడ తొట్టి ఎక్కడిది! అమ్మమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టి, సున్నిపిండి రుద్ది చెంబుతో పోస్తుంటే ఏ పిల్లయినా వీధి చివరికి వినిపించేలా ఏడుస్తుంది. "గదిలో ఒక్కదాన్నీ పడుకోబెట్టి తలుపు వేస్తే ఏం చేస్తుంది?" అని ఇంకోటి. దానికి ఒక తల్లికి ఒళ్ళు మండింది. "పిల్లనొక్కదాన్నీ పెట్టి తలుపెందుకేత్తామండీ? అదేవన్నా దొంగా?" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

అడగాల్సినవి అడిగి, రాయాల్సినవి రాసి మొదటి విడత పంపించారు. కొన్నాళ్ళకి అవతలినుంచి జవాబు వచ్చింది. మీ ప్రాంతపు పిల్లలంత చిరాకు పిల్లలు మాకింకెక్కడా తగల్లేదు, తిండిలో లోపమా, కడుపులో పురుగులా, కనుక్కోండి అని. మీనాకుమారి ఆ మాట చెప్పి బిక్కమొహం వేసుకుని కూర్చుంది. సత్యలక్ష్మి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"పిల్లలకేం రోగం లేదండీ డాక్టరుగారూ. తల్లులకి భయం. మనం కొత్తవాళ్ళం. మన ముందు పిల్లని మెచ్చుకుంటే దిష్టి తగలదుటండీ?"

"మరి నిజం ఎలా చెప్పించడమండీ?"

"నాకొదిలెయ్యండి" అంది సత్యలక్ష్మి.

మర్నాడు కొట్లోంచి కాస్త కల్లుప్పు, గుప్పెడు ఎండుమిరపకాయలు ఒక గుడ్డసంచిలో పోసుకుని భుజాన తగిలించుకుంది. ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఆ సంచి తల్లి ఎదురుగా పెట్టేది. "ఇదిగో అమ్మా, నీ పిల్ల గురించి ఉన్నదున్నట్టు చెప్పు. ఎంత మంచిగా చెప్పినా ఫరవాలేదు. లేచేముందు నా చేత్తో నేనే దిష్టి తీసి, పొయ్యిలో వేసి మరీ వెళ్తాను" అనేది. అన్నట్టే తీసేది. పొయ్యిలో మిరపకాయలు చిటపటమంటుంటే తల్లి తేలిగ్గా ఊపిరి పీల్చుకునేది.

అప్పుడు చూడాలి ఆ తల్లుల్ని! ఎన్నాళ్ళనుంచి కడుపులో దాచుకున్నారో, ముచ్చటంతా ఒక్కసారి బయటికొచ్చేది. మా బుజ్జిగాడు నిద్దట్లో నవ్వుతాడండీ, మా పిల్ల వాళ్ళ నాన్న సైకిలు చప్పుడు గుర్తుపడుతుందండీ, ఎవరెత్తుకున్నా వెళ్తుందండీ, నా తల్లే, నా బంగారమే. కొందరు చెబుతూ చెబుతూ ఏడ్చేసేవారు. తన బిడ్డ మంచిదని పైకి అనడం వాళ్ళకి జన్మలో అదే మొదటిసారి. సత్యలక్ష్మి తల వంచుకుని అవన్నీ రాసుకునేది.

"ఇదేం పరిశోధనండీ, దీన్ని గురించి వాళ్ళకేమని రాయను?" అని మీనాకుమారి మొదట మొత్తుకుంది. తరవాత తరవాత తనే ఆ పద్ధతి నేర్చుకుంది. సత్యలక్ష్మి రాలేని రోజున ఆ సంచి తన భుజానే తగిలించుకుని వెళ్ళేది. ఎంబీబీఎస్ చదివిన చేత్తో కల్లుప్పు మూడుసార్లు తిప్పి, థూ థూ అనిపించి, పొయ్యిలో వేయడం చూసి పల్లెటూరి ఆడవాళ్ళు మురిసిపోయేవారు.

అలా ఉండగా సత్యలక్ష్మికి నెల తప్పింది. ఈసారి నిలిచింది. ఊరి గుళ్ళోని మాణిక్యాంబ అమ్మవారికి మొక్కుకున్నారు గనక, ఆడపిల్ల పుట్టగానే ఆ పేరే పెట్టారు. ఇంట్లో మాణిక్యం అనేవారు.

మాణిక్యం ఏడవని పిల్ల. పొద్దస్తమానం నిద్రే. పాలకి కూడా లేపాలి. లేపితే నాలుగు గుక్కలు తాగి మళ్ళీ కళ్ళు మూసేది. ఎప్పుడైనా ఏడిస్తే పిల్లిపిల్లకి గొంతు పట్టేసినట్టు బొంగురుగా ఒక్క చిన్న మూలుగు. ఒళ్ళు ముట్టుకుంటే చల్లగా ఉండేది. నాలుక కాస్త బయటికి పెట్టుకుని, ఉబ్బిన మొహంతో, ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉండేది. "సాక్షాత్తు అమ్మవారి అంశే. ఏడుపన్నది ఎరగదు నా తల్లి" అని సూర్యకాంతమ్మ తలుపులు మూసుకుని, గొంతు తగ్గించి మరీ మురిసిపోయేది. ఇన్నేళ్ళు ఏడిపించిన దేవుడు ఏడవని పిల్లని ఇచ్చాడని సత్యలక్ష్మి కూడా అనుకుంది.

చదివేవాళ్ళని చీకట్లో ఉంచడం నాకిష్టం లేదు. ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆ నెమ్మది నెమ్మది కాదు, జబ్బు. మెడ దగ్గర థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. కొందరు పిల్లలకి అది పుట్టుకతోనే పనిచెయ్యదు. అలాంటి పిల్లలు ఏడవరు, అడగరు, ఎవరినీ విసిగించరు. రోజుకింత చిన్న మాత్ర, పుట్టిన రెండు మూడు నెలల్లోపు మొదలుపెడితే పిల్ల మామూలుగా పెరుగుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ బుర్ర ఎదగడం ఆగిపోతుంది, ఆగింది మళ్ళీ రాదు. అంటే మాణిక్యానికి ఉన్న గడువు ఆ కొద్ది వారాలే.

ఆ వారాల్లోనే మీనాకుమారి వాళ్ళింటికి వచ్చింది.

వస్తుందని ముందురోజే కబురందింది. సూర్యకాంతమ్మ కోడల్ని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "చూడవే, ఊరందరి పిల్లల దిష్టీ తీశాయి నీ చేతులు. తీసిన దిష్టి ఎక్కడికి పోతుందనుకున్నావు? మన గుమ్మంలోనే కాసుకుని కూర్చునుంటుంది. ఆ డాక్టరమ్మ చేతులూ అంతే. మన పిల్ల గురించి మంచిమాట నీ నోట రాకూడదు. రెండుసార్లు పోయింది నీకు గుర్తుందా?"

"గుర్తులేకపోవడమేంటండీ అత్తయ్యగారూ" అంది సత్యలక్ష్మి.

మీనాకుమారి నవ్వుతూ వచ్చింది, భుజాన ఆ గుడ్డసంచితోనే. సూర్యకాంతమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, మొహం మీదిదాకా గుడ్డ కప్పి, గది చివర గోడవైపు తిరిగి కూర్చుంది. చూస్తానని డాక్టరు చెయ్యి చాపింది. "ఇప్పుడే పడుకుందమ్మా, లేపావంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. మూడో నెల వచ్చేదాకా మేం బయటివాళ్ళకి చూపించం" అంది ముసలావిడ. ఇళ్ళ పద్ధతులు మీనాకుమారికి అలవాటయ్యాయి. బలవంతపెట్టలేదు.

"సరే, ప్రశ్నలు మీకు నాకంటే బాగా వచ్చు. నేనడుగుతాను, మీరు చెప్పండి" అని మొదలుపెట్టింది. సంచి మీద చెయ్యి వేసి, "ఇది మీ దగ్గర తియ్యక్కర్లేదుగా? నాకు నేర్పిందే మీరు" అంది.

"నాకెందుకండీ" అని సత్యలక్ష్మి కూడా నవ్వింది.

సంచి ముడి విప్పలేదు.

"పాలవేళకి తనే లేస్తుందా, మీరు లేపాలా?"

ఆ ప్రశ్న సత్యలక్ష్మి ఎన్ని గడపల్లో అడిగిందో! జవాబు నాలుక చివరనే ఉంది. లేపాలండీ, లేపినా లేవదండీ, ఎంత నెమ్మదో చెప్పలేనండీ అని చెప్పుకోవాలని ఆవిడకీ ఉంది. ఇన్నాళ్ళూ పరాయి తల్లుల ముచ్చట్లు రాసుకున్న మనిషి, తన వంతు వచ్చింది. కానీ గోడవైపు తిరిగి కూర్చున్న అత్తగారి వీపు కనిపించింది. పుట్టకుండానే పోయిన ఇద్దరూ గుర్తొచ్చారు.

"తనే లేస్తుందండీ. లేచి వీధంతా లేపుతుంది" అంది.

"ఏడుపు ఎక్కువేనా?"

"చంపేస్తోందండీ. ఒక్క క్షణం కుదురు లేదు."

"అబ్బ, మిమ్మల్ని బాగానే ఆడిస్తోందన్నమాట!" అని మీనాకుమారి హాయిగా నవ్వి రాసుకుంది. ఇంకా అడిగింది, ఇంకా చెప్పింది. అన్నీ తిరగేసి చెప్పింది. ఒక్కచోట కూడా తడబడలేదు. కాఫీ తాగి, ఆరోగ్యం చూసుకోమని చెప్పి డాక్టరు బస్సెక్కి వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళాక కూడా సూర్యకాంతమ్మ ఊరుకోలేదు. పిల్లకి దిష్టి తీసి వీధిలో పారబోసి వచ్చింది.

మాణిక్యానికి ఆరో నెల వచ్చింది, మెడ నిలవలేదు. ఏడాది నిండింది, కూర్చోలేదు. "వీడూ ఆలస్యంగానే నడిచాడు" అని సూర్యకాంతమ్మ కొడుకుని చూపించేది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరు టానిక్కులు రాసిచ్చాడు. సత్యలక్ష్మి బాలవాడి టీచరు, ఏ వయసుకి పిల్ల ఏం చేస్తుందో ఆవిడకి తెలియనిదా? తెలుసు. తెలుసుగనకే పిల్లని పొరుగు పిల్లల పక్కన కూర్చోబెట్టడం మానేసింది. రేపు చూద్దాం, పండగ వెళ్ళాక చూద్దాం అనుకుంటూ వచ్చింది. మీనాకుమారి ఆ మధ్య పై చదువుకి విశాఖపట్నం వెళ్ళిపోయింది, పరిశోధన ముగిసిపోయింది. ఆవిడ తిరిగి కాకినాడ వచ్చిందని తెలిశాక, ఇంక తప్పించుకోవడానికి సాకు లేక, సత్యలక్ష్మి పిల్లని భుజాన వేసుకుని బస్సెక్కింది.

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉండగా ఎవరో "అమ్మగారండీ" అని పిలిచారు. కోటిపల్లి రేవు దగ్గర చేపలమ్ముకునే వీరమ్మ. పక్కన ఆమె కూతురు బుల్లెమ్మ, మాణిక్యం ఈడుదే, బెంచీ కోడు పట్టుకుని నిలబడి, ఎవరిదో చెప్పు నోట్లో పెట్టుకోబోతోంది. వీరమ్మ దాన్ని లాగి వీపు మీద ఒక్కటి వేసింది. అది ఆస్పత్రి అదిరిపోయేలా ఏడ్చింది.

"గుర్తుపట్నేదేంటండీ? మీకు పురుడొచ్చిన్నాళ్ళల్లోనే నాకూ వచ్చిందండి. మీరు లేరని డాక్టరమ్మగారే మీ సంచేసుకుని మాయింటికొచ్చారండి. ఉప్పూ మెరపకాయలూ తీసి, నిజం చెప్పెయ్ వీరమ్మా అన్నారండి. చెప్పేశానండి. మా పిల్ల బంగారవండి, ఏడవదండి, పాలక్కూడా నేనే లేపాలండి అన్నానండి. ఆ మాటినేసరికి ఆరి మొకం మారిపోయిందండి. గుడ్డ తీసి చూసి, ఆ రోజే బస్సెక్కించేసి ఈ ఆస్పత్రికి తీసుకొచ్చేశారండి. ఏదో జబ్బంటండి. మాత్రలేత్తున్నానండి. ఇప్పుడు సూడండి, దీని తల్లి కడుపు మాడ, నా పేణం తోడేత్తంది!"

సత్యలక్ష్మికి ఏమీ వినిపించలేదు, చివరిదాకా అన్నీ వినిపించాయి. రెండూ నిజమే. మాణిక్యం ఆవిడ భుజం మీద నాలుక బయటపెట్టుకుని నిద్రపోతోంది. రవికలోంచి దాని చల్లదనం తగులుతోంది.

లోపలికి పిలిచారు. మీనాకుమారి గుమ్మంలోనే పిల్లని చూసి, చేతిలో కలం కింద పెట్టేసింది. దగ్గరికి రానే లేదు, చూసిన మరుక్షణమే తెలిసిపోయింది. ఆవిడకి తెలిసిందని సత్యలక్ష్మికీ తెలిసింది.

"నేను అబద్ధం చెప్పానండి" అంది సత్యలక్ష్మి నిలబడే. "ఏడ్చేది కాదండి. ఒక్కనాడూ ఏడవలేదండి."

"ఆ సంచి నా భుజానే ఉందండి ఆ రోజు" అంది మీనాకుమారి. "మీ దగ్గర అక్కర్లేదనుకున్నాను. గుడ్డ తీసి ఒక్కసారి చూసినా సరిపోయేది." అని టేబుల్ మీద తల వాల్చేసింది. ఆవిడ ఏడుస్తుంటే సత్యలక్ష్మే పిల్లని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆవిడ వీపు నిమిరింది. ఎవరిని ఎవరు ఓదార్చాలో ఆ గదిలో ఇద్దరికీ తెలియలేదు.

మాత్రలు రాసింది. ఒళ్ళు వెచ్చబడుతుందని, పొడుగవుతుందని, నడుస్తుందని చెప్పింది. "బుర్ర మాత్రం... పోయిన నెలల్ని మందు వెనక్కి తేలేదండీ" అంది.

అన్నట్టే అయింది. మాణిక్యం ఒళ్ళు వెచ్చబడింది. అందరు పిల్లలూ బడికెళ్ళే వయసుకి నడిచింది. అమ్మ అనడం వచ్చింది. ఇంకో నాలుగు మాటలు వచ్చాయి, అక్కడితో ఆగిపోయింది. సూర్యకాంతమ్మ ఇదంతా దిష్టి వల్లనేనని నమ్ముతూనే పోయింది. మనం ఎంత దాచినా ఎవరి కన్నో పడనే పడింది అనేది చివరిరోజుల్లో. సత్యలక్ష్మి ఎదురు చెప్పలేదు. చెప్పి ఏం లాభం? అబద్ధం పలికిన నోరు అత్తగారిది కాదుగా.

మళ్ళీ పిల్లలు పుట్టలేదు. బాలవాడి మానేసింది. మల్లేశ్వరరావు ఒక్కమాట అనలేదు. అంటే బాగుండునని ఆవిడ చాలా ఏళ్ళు ఎదురుచూసింది. గుళ్ళోకి వెళ్ళడమూ మానేసింది, అమ్మవారి మీద అలిగి కాదు, ఆ పేరుతో పిలిస్తే పలకని పిల్లని తీసుకెళ్ళి ఆ గుమ్మంలో నిలబెట్టడం ఇష్టంలేక.

అన్నిటికంటే ఆవిణ్ణి తినేసేది ఇంకొకటి. ఆనాడు చెప్పిన జవాబులు చెప్పినట్టే ఆ విదేశానికి వెళ్ళిపోయాయి. అక్కడ ఏ లెక్కలోనో గోదావరి ఒడ్డున ఒక గడుసుపిల్ల ఉంది. పాలవేళకి తనే లేస్తుంది, వీధంతా లేపుతుంది, ఒక్క క్షణం కుదురుండదు. ఆ పిల్ల పేరు మాణిక్యమే. కొట్లో గిరాకీ లేని మధ్యాహ్నాల్లో సత్యలక్ష్మి ఆ పిల్లనే తలుచుకునేది. ఈపాటికి రిబ్బన్లు కావాలని పేచీ పెట్టేది, ఎదురు సమాధానాలు చెప్పేది అనుకునేది. తను కని, తను మాటలతో పెంచి, ఎక్కడికో పంపించేసిన ఆ పిల్లకోసం ఆవిడ ఏడ్చేది.

ఎనభై ఏడులోనో ఎనభై ఎనిమిదిలోనో ఒక మధ్యాహ్నం వీరమ్మ కొట్టుకి వచ్చింది. వెంట బుల్లెమ్మ, రెండు జడలేసుకుని, నోటినిండా వేరుసెనగ అచ్చుతో. మల్లేశ్వరరావు భోజనానికి లోపలికి వెళ్ళాడు. గల్లా దగ్గర సత్యలక్ష్మి, ఉప్పు బస్తా పక్కన చిన్న పీట మీద మాణిక్యం కూర్చుని ఉన్నారు. బుల్లెమ్మ బెల్లం దిమ్మ గిల్లింది, త్రాసు పళ్ళెం మోగించింది, పిల్లిని తరిమింది. మాణిక్యం అదంతా కదలకుండా చూస్తూ కూర్చుంది.

"ఏం పిల్లండి బాబూ ఇది! నోరు ముయ్యదు, మాటినదు. బళ్ళో మేష్టారు రోజూ కబురెడతన్నారు. ఎందుకు కన్నానా అనిపిత్తందండి" అంది వీరమ్మ, కూతురి జడ సవరిస్తూ. ఆ తిట్లలో ఎంత సంతోషం ఉందో సత్యలక్ష్మికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది! తరవాత వీరమ్మ పీట వైపు చూసింది. ఏమనాలో తెలియక, "పాపగారెలా ఉన్నారండి?" అంది.

"బంగారమే వీరమ్మా" అంది సత్యలక్ష్మి. గొంతు తగ్గించలేదు, వీధిలో వాళ్ళకి కూడా వినపడేలా అంది. "ఇంత మంచిపిల్ల ఊళ్ళోనే లేదు. ఏడవదు, పేచీ పెట్టదు, ఇది కావాలని అడగదు. ఎక్కడ కూర్చోమంటే అక్కడే కూర్చుంటుంది. పొద్దున్న కూర్చోబెట్టాను, చూడు, అలాగే ఉంది."

వీరమ్మ అదిరిపడింది. బిడ్డ గురించి తల్లి అలా అనేయడం ఎప్పుడూ వినలేదు. అలవాటుకొద్దీ చటుక్కున వంగి బస్తాలోంచి గుప్పెడు ఉప్పు తీసింది. "ఎంత మాటనేశారండీ! ఉండండి, దిట్టి తీసేత్తాను" అంటూ మాణిక్యం తల చుట్టూ తిప్పబోయింది.

సత్యలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది. గుప్పిట విప్పించి, ఆ ఉప్పు మళ్ళీ బస్తాలో పోయించింది.

"వద్దు వీరమ్మా. నా పిల్లకి ఎవరి దిష్టి తగులుతుంది?" అంది, "నీకేం కావాలో చెప్పు, కట్టిస్తాను."